ముక్కు మీది బుడిపె

ఇది చదివేవాళ్ళలో ముక్కు చక్కబడాలని రాత్రిపూట క్లిప్పు బిగించుకుని పడుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, తక్కినది చదవకపోయినా ఫరవాలేదు, ముందు ఆ క్లిప్పు తీసి పారేయండి. ఎముక కరగదు. చర్మం కరుగుతుంది. ఇంతకు మించి సలహా ఇచ్చే చదువు నాకు లేదు. ఇకపైన రాసేదంతా నాకు జరిగిన సంగతి. ఇప్పుడు బాగున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను.

నా పేరు దేవదానం. సైదాబాద్‌లో ఉంటాం. అమ్మ, నా భార్య రూతు, మాటలు నేర్చుకుంటున్న మా పాప, నేను. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ఫిట్టరు పని నాది. చిన్నప్పుడు కబడ్డీ ఆడుతుంటే ఎవడిదో మోకాలు ముక్కుకు తగిలింది. రక్తం కారింది, ముఖం వాచింది, అమ్మ పసుపు పట్టించింది. వాపు తగ్గాక ముక్కు దూలం మధ్యలో చిన్న బుడిపె మిగిలింది. నాతోపాటు అదీ పెరిగింది. పెళ్ళినాటికి పక్కనుంచి చూస్తే ఒంటె మూపురంలా ఉండేది. ఫ్యాక్టరీలో దేవదానం అంటే ఎవరని అడిగేవాళ్ళు. ముక్కన్న అంటే అందరికీ తెలుసు. వాళ్ళు ప్రేమగానే పిలిచేవాళ్ళు, నేనూ నవ్వుతూనే పలికేవాణ్ణి. పలికిన ప్రతిసారీ లోపల ఎక్కడో సన్నగా గీసుకునేది.

ఎనభై రెండు, ఎండాకాలం

ఫ్యాక్టరీలో కొత్త గేటు పాసులు ఇస్తున్నారు, ఫోటో తెమ్మన్నారు. మా గల్లీ చివర అన్వర్ భాయ్ స్టూడియోకు వెళ్ళాను. ఆయన పెద్దవాడు, చెయ్యి తిరిగినవాడు. ఫోటోలు తీసుకోవడానికి వెళ్ళిన రోజు కవరు నా చేతిలో పెట్టి మురిసిపోయాడు.

"జర సాఫ్ చేసిన భాయ్. చూడు, మస్తుగున్నవ్."

తీసి చూశాను. నెగటివ్ మీద బ్లేడుతో గీకి, పెన్సిల్‌తో దిద్ది, నా ముక్కు మీది బుడిపె తీసేశాడు. ఆ కళ్ళు నావే. చెవులు, గడ్డం నావే. ముక్కు మాత్రం ఆ కబడ్డీ ఆట ఆడనివాడిది. దుకాణం మెట్ల మీద నిలబడి చాలాసేపు చూసుకున్నాను. అప్పటిదాకా నా ముఖం ఇంకోలా ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

మరునాడు గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు ఆ ఫోటోను నా ముఖం పక్కన పట్టుకుని చూశాడు. నన్ను పక్కకు తిరగమన్నాడు.

"ఇది నీ తమ్ముని ఫోటోనా?"

"నాదే సార్."

"నీదైతే ఆ ముక్కేది?"

నా వెనక వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేనే వాళ్ళలో ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. దిద్దని ఫోటో ఇంకోటి తీయించుకుని పాసు తెచ్చుకున్నాను. కాని ఆ నవ్వుతోపాటు స్టూడియో ఫోటో కూడా నాతో ఇంటికి వచ్చింది. ఆ రోజునుంచి ముక్కు తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది.

మంగలి మల్లేశ్ నన్ను కుర్చీలో అటూ ఇటూ తిప్పి చూసి, "మీసం గుబురుగ పెంచన్నా. చూపంత దాని మీదికే పోతది" అన్నాడు. పెంచాను. ముక్కన్నకు మీసమొచ్చిందని ఫ్యాక్టరీలో చెప్పుకున్నారు, అంతే. తర్వాత విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఒక పహిల్వాన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బొటనవేలితో బుడిపెను తడిమి తల అడ్డంగా ఊపాడు.

"పురానా హై బేటా. అతుక్కపోయిన ఎముక. నేను ముడితే ఉన్నది గూడ ఖరాబైతది. ఇంటికి పో."

పైసా తీసుకోకుండా చాయ్ తాగించి పంపాడు. ఆ మాట వినుంటే నా కథ అక్కడితో అయిపోయేది.

వినలేదు. ఒకనాడు సెలవు పెట్టి బేగంబజార్ వెళ్ళాను. గిన్నెల దుకాణాలు దాటాక ఒకతను గొడుగు కింద దువ్వెనలు, అద్దాలు, నడుము బెల్టులు పెట్టుకుని అమ్ముతున్నాడు. అతని దగ్గర స్ప్రింగున్న ఇత్తడి క్లిప్పు దొరికింది. "రాత్రి పెట్టుకొని పండుకో భాయ్. ఎముక మైనం లెక్క కరుగుతది" అన్నాడు. ఇనుముతో పనిచేసేవాణ్ణి నేను. ఏది కరుగుతుందో ఏది కరగదో నాకు తెలియదా? అయినా కొన్నాను. ఆశపడ్డవాడికి తెలివి అడ్డురాదు.

ఆ రాత్రి క్లిప్పు పెట్టుకుని పడుకుంటే రూతు లేచి కూర్చుంది.

"ఏందది?"

"ముక్కు సక్కగైతదట."

ఆమె క్లిప్పును వేలితో తట్టి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"పెండ్లయి నాలుగేండ్లయింది. ఇప్పుడు యాదికొచ్చిందా ముక్కు? ఎవరికి సూపెట్టెతందుకు?"

"ఎవరికి లేదు."

"గట్లనా," అని అటు తిరిగి పడుకుంది. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆడవాళ్ళ అనుమానం అనుకుని ఊరుకున్నాను.

వానలు మొదలయ్యాక

కొన్నాళ్ళకు క్లిప్పు కొరికినచోట చర్మం ఎర్రబడి చిట్లింది. కొబ్బరినూనె రాసి, కొంచెం పక్కకు జరిపి మళ్ళీ బిగించాను. తర్వాత పోటు మొదలైంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ముక్కు కూడా కొట్టుకునేది. ఒకనాడు పొద్దున లేచేసరికి ఎడమ కన్ను తెరుచుకోలేదు. ముఖం సగం ఉబ్బింది. ఒళ్ళు కాలిపోతోంది. పాప నన్ను చూసి భయపడి మా అమ్మ కొంగులో దూరింది.

అమ్మ, రూతు కలిసి నన్ను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వరండాలో బల్లలు నిండిపోయి ఉన్నాయి. బయట వాన, లోపల తడిసిన గొడుగుల వాసన, ఎవరో పిల్లవాడి ఏడుపు. కాంపౌండరు పేరు పిలిచినప్పుడల్లా అందరూ ఒక్కసారి లేచి మళ్ళీ కూర్చునేవాళ్ళు. నాకు తల నిలవడం లేదు. ఎవరో ముసలాయన తన చోటు నాకిచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. రూతు తడిబట్ట నా నుదుటి మీద పెట్టి పట్టుకుంది. చెయ్యి నొప్పి పుడితే చెయ్యి మార్చుకుంది తప్ప బట్ట తీయలేదు.

ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. నన్ను చూడగానే ముఖం మార్చేసింది.

"ఏం పెట్టావు దీని మీద?"

జేబులోంచి క్లిప్పు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బట్టలారేసుకునే క్లిప్పు నయం దీనికంటే. ఇక్కడి చీము కంటికి పాకుతుంది, మెదడుకీ ఎక్కుతుంది, తెలుసా? ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే నేను కూడా ఏం చేయలేకపోయేదాన్ని."

నా వెనక అమ్మ "యేసయ్యా" అంది. నాకు అప్పుడు భయం వేసింది. అందం కోసం చచ్చిపోయాడని మా గల్లీలో చెప్పుకుంటారేమో అన్నది మొదటి భయం. పాప గుర్తుకొచ్చింది ఆ తర్వాతే. మనిషి బుద్ధి అలా ఉంటుంది.

ఆసుపత్రిలో పెట్టుకుని చీము తీసి, సూది మందులు వేశారు. జ్వరం దిగాక డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి అడిగింది.

"ఎందుకు పెట్టుకున్నావు?"

"గాలి ఆడుతలేదమ్మా."

ఆవిడ నా ఒక ముక్కు పుటం మూసి పీల్చమంది. రెండోది మూసి పీల్చమంది. గాలి హాయిగా ఆడింది.

"గాలికేం లేదు. బుడిపె నచ్చలేదు నీకు. అవునా?"

తల వంచుకున్నాను. ఆడపిల్లలకు ఉండాల్సిన బాధ నాకెందుకని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ బాధను ఒకరు పైకి అనేశారు.

"సిగ్గెందుకయ్యా? నీ ముఖం నువ్వు మోయాలి కదా. పుండు పూర్తిగా మాననీ, వాపు పోనీ. అప్పుడు కూడా కావాలనిపిస్తే రా, మాట్లాడదాం. కాని చేతికి దొరికిందల్లా ముక్కుకు తగిలించుకోకు."

చలికాలం

దసరా దాటి చలి మొదలయ్యాక మళ్ళీ వెళ్ళాను. స్టూడియో ఫోటో పట్టుకెళ్ళి చూపించాను. ఆవిడ నవ్వింది.

"పెన్సిల్‌తో ఎవరైనా చేస్తారు. సరే విను. ఏమీ చేయకుండా వదిలేయడం ఒక దారి. ఎక్కువమంది వెళ్ళేది ఆ దారినే, వాళ్ళూ నవ్వుతూనే బతుకుతున్నారు. లేదంటే చెవి దగ్గర మెత్తటి ఎముక కొంచెం తీసి, బుడిపె పైన పల్లంగా ఉన్నచోట నింపొచ్చు. అప్పుడు ముక్కు పెద్దదవుతుంది, వంపు కనబడదు. నీకది నప్పదు. ఇంకోటి, లోపలినుంచి కోసి బుడిపెను అరగదీసి, పక్క ఎముకలు దగ్గరికి నొక్కడం. ఆపరేషన్ అన్నాక రక్తం పోవచ్చు, వంకర మిగలొచ్చు. ఈ ఫోటోలో ముక్కు మాత్రం నేను ఇవ్వలేను. దెబ్బ తగలకముందు ముక్కూ ఇవ్వలేను. ఆలోచించుకో."

ఇంట్లో చెప్పాను. అమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది.

"మంచిగున్న ముక్కుకు కోత పెట్టించుకుంటవా? సావు మొకం సూసి వచ్చినవ్, సాలలేదా? నీ ముక్కుకు ఏమైందిరా? ఎవడన్న ఏమన్న అన్నడా? నన్నన్నడా?"

"నిన్నెవరంటరమ్మా? నీకేం సంబంధం?"

ఆ మాటకు ఆమె ఇంకా మండిపడింది. చాలారోజులు నాతో మాట్లాడలేదు. రూతు మాత్రం లొల్లి చేయలేదు. బట్టలు కుట్టుకుంటూ, "నీ ఇష్టం. నేనొద్దంటే ఆగుతవా?" అంది. నాకు అమ్మ అరుపుకంటే ఆ మాటకే ఎక్కువ భయం వేసింది. ఆపరేషన్ రోజు కాగితం మీద సంతకం పెట్టింది ఆమే. పెట్టేముందు డాక్టరమ్మను ఒకటే అడిగింది. "పానానికి ఏం గాదు గద మేడం?"

ముక్కు చుట్టూ మత్తుసూదులు వేశారు. మనిషికి తెలివి ఉంటుంది, నొప్పి ఉండదు. కళ్ళ మీద బట్ట కప్పారు. కాసేపటికి ఒక చప్పుడు మొదలైంది. ఇనుము అరగదీసే ఆకురాయి చప్పుడు. ప్రతిరోజూ నా చేతుల్లోంచి వచ్చే చప్పుడు అప్పుడు నా తలలోంచి వచ్చింది. పళ్ళు జివ్వుమన్నాయి. ఎక్కువ తీసేస్తే మళ్ళీ అతికించలేం అన్నది మా పనిలో మొదట నేర్చుకునే పాఠం. తడబడే నాలుకతో అన్నాను.

"జర సాలమ్మా... ఎక్కువ తియ్యకుండ్రి."

"నీ ఫ్యాక్టరీలో నువ్వు చేసుకో. ఇక్కడ పని నాది," అంది ఆవిడ. గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు వింటే నాకెందుకో ధైర్యం వచ్చింది.

వార్డులో నా పక్క మంచం ఖాజా మియాది. బేగంబజార్‌లో తోపుడుబండి మీద సామాన్లు పెట్టుకుని, గల్లీ మొత్తం వినపడేలా కేకలేసి అమ్మేవాడట. గొంతులో పుండు లేచి, గొంతుపెట్టె తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పలచటి గుడ్డ. ఊపిరి అక్కడినుంచే. మాట ఇక రాదు. ఆయన బదులు ఆయన భార్య మాట్లాడేది.

"నీకేమైంది తమ్ముడూ?" అని ఆమె అడిగినప్పుడు భూమిలో కుంగిపోవాలనిపించింది. ఆయన ముందు నా బాధ ఏమని చెప్పను? ముక్కు నిండా గుడ్డ కుక్కి ఉండటంతో మాట కూడా ముద్దగా వచ్చింది.

"ముక్కు వంకరుండె. సక్కగ చేయించుకున్న."

నవ్వుతారనుకున్నాను. ఖాజా మియా నన్ను శ్రద్ధగా చూశాడు. తన ముక్కు మీద పైనుంచి కిందకు వేలుతో తిన్నగా గీత గీసి, మీసం దువ్వి, పెళ్ళికొడుకులా ఛాతీ ఎత్తి చూపించాడు. ఆయన భార్య పడీపడీ నవ్వింది. "చానా దినాలైంది ఈయన గిట్ల ఆడి," అంది.

మరునాడు సాయంత్రం నాకు తుమ్ము వచ్చింది. వెంటనే గొంతులోకి వెచ్చగా ఏదో దిగింది. ఉమ్మితే ఎర్రగా ఉంది. ముక్కు రెండువైపులా మూసి ఉంది, నోరు రక్తంతో నిండుతోంది. ఊపిరి ఎలా తీయాలో మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. మంచం అంచు పట్టుకుని కొట్టుకుంటుంటే, ఖాజా మియా భార్య నర్సు కోసం పరుగెత్తింది. ఆయన దిగి వచ్చి నన్ను ముందుకు వంచి కూర్చోబెట్టాడు. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. మెడ మీది గుడ్డ తొలగించి ఆ రంధ్రం చూపించాడు. చెయ్యి మెల్లగా పైకెత్తాడు, అక్కడ గాలి లోపలికి వెళ్ళింది. చెయ్యి దించాడు, బయటికి వచ్చింది. మళ్ళీ ఎత్తాడు. నా నోటివైపు చూపించాడు. నేను ఆ చేతినే చూస్తూ నోటితో పీల్చాను, ఉమ్మాను, పీల్చాను. నర్సు, డాక్టరమ్మ వచ్చి కొత్తగా గుడ్డ కుక్కి రక్తం ఆపేదాకా ఆ చెయ్యి అలా లేస్తూ దిగుతూనే ఉంది.

అమ్మకు ఈ సంగతి ఎవరు చెప్పారో, పొద్దున్నే వచ్చింది. ఆపరేషన్ రోజు రానిదల్లా మంచం పక్కన నేల మీద కూర్చుని నా పాదాలు పట్టుకుంది. నా కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది. చూసి ఏడ్చింది.

"ఆ దినం నిన్ను దవాఖానకు తీస్కపోతే ఇదంత లేకుండె, కొడుకా. పనికి పోకుంటె మేస్త్రి తీసేస్తనన్నడు. పసుపు పెట్టి పోయిన. నువ్వు అద్దంల ముక్కు సూసుకున్నప్పుడల్ల నన్నే తిడుతున్నవనుకున్న."

నాకు ముక్కులోంచి ఏడుపు రాదు, గుడ్డలున్నాయి. కళ్ళలోంచే వచ్చింది. "నీ మీద నాకెప్పుడు కోపం లేదమ్మా. ఒక్కసారి గూడ అనుకోలె," అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. కాని ఆ రోజు డబ్బాలోంచి జావ తీసి తనే తాగించింది. ఖాజా మియా భార్యకు కూడా ఇచ్చింది. ఇద్దరూ ఆసుపత్రి నీళ్ళ గురించి చాలాసేపు ఫిర్యాదులు చెప్పుకున్నారు.

మరుసటి ఎండాకాలం దాకా

కుక్కిన గుడ్డలు తీసినప్పుడు తల లోపలినుంచి పేగులు లాగినట్టు అనిపించింది. ఆ తర్వాత వచ్చిన మొదటి గాలి, ఆసుపత్రి ఫినాయిలు వాసనతో సహా, ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కట్టు విప్పాక అద్దం ఇచ్చారు. ముక్కు ఉబ్బి వంకాయలా ఉంది. ఉన్న బుడిపె పోయి ముక్కంతా బుడిపె అయిందనుకున్నాను. "నెలలు పడుతుంది, తొందరపడకు" అంది డాక్టరమ్మ. ఇది చేయించుకునే ఎవరికైనా ఈ మాట ముందే చెప్పాలి. మొదటి నెలల్లో అద్దం నిజం చెప్పదు.

ముక్కు కొన చాలాకాలం మొద్దుబారి ఉండేది. కూర మాడినా వాసన తెలిసేది కాదు. తెల్లవారుజామున లేచి, పాడుచేసుకున్నానా అని తడుముకునేవాణ్ణి. ఖాజా మియాను చూడటానికి ఒకసారి బేగంబజార్ వెళ్ళాను. బండికి ఇత్తడి గంట కట్టుకుని మళ్ళీ అమ్ముతున్నాడు. నన్ను చూసి గంట గట్టిగా వాయించి, వేలుతో తన ముక్కు మీద గీత గీశాడు. వచ్చిపోయేవాళ్ళు ఏమనుకున్నారో.

ఎండలు ముదిరేనాటికి వాపు పోయింది. ముక్కు తిన్నగా వచ్చింది. కాస్త పక్కకు చిన్న మిట్ట మిగిలింది, వెతికితే దొరుకుతుంది. ఫ్యాక్టరీలో జనం నా చుట్టూ మూగుతారనుకున్నాను. సగంమందికి తేడా తెలియలేదు. "మీసం తీసేసినవా ముక్కన్నా?" అని అడిగాడొకడు. ఇన్నేళ్ళూ ఊరంతా నా ముక్కునే చూస్తోందనుకున్నాను. ఊరికి అంత తీరిక లేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాం. అమ్మ పాపను తీసుకుని పక్కింటికి వెళ్ళింది. రూతు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుడుతోంది. నా కొత్త ముక్కు గురించి ఆమె అప్పటిదాకా ఒక్క మాట అనలేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఉండబట్టలేక అడిగాను.

"నిజం చెప్పు రూతూ. ఎట్లుంది ముక్కు?"

ఆమె కుట్టు ఆపలేదు.

"ముక్కు సంగతి నాకెర్కలేదు. ఇప్పుడు నువ్వు నా దిక్కు సూసి మాట్లాడుతున్నవ్."

నాకు అర్థం కాలేదు. అంటే ఏమిటన్నాను.

"పెండ్లినాడు చర్చిల గూడ నువ్వు నా దిక్కు సక్కగ సూడలె. అప్పటిసంది గంతే. ఏదన్న అడిగితె మొకం అటు తిప్పుకొని చెప్తవ్. బువ్వ తినేటప్పుడు గోడదిక్కు తిరుగుతవ్. నేను నచ్చలేదనుకున్న. అత్తమ్మ బలిమికి చేసుకున్నవేమో అనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకుంట ఉన్న. ముక్కు కోయించుకుంటనన్నప్పుడు, ఇగ ఎవరో ఉన్నరనుకున్న."

మిషను చప్పుడు అలా సాగుతూనే ఉంది.

"ముక్కు కనబడొద్దని తిప్పుకున్న, రూతూ. నీకు కనబడొద్దని."

మిషను ఆగింది. ఆమె చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి, నన్ను చూసింది. కోపమో నవ్వో ముందు ఆమెకే తెలియలేదు.

"మరి చెప్పొచ్చు గద, పిచ్చోడా," అంది.

స్టూలు లాక్కొని ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. అమ్మ, పాప తిరిగి వచ్చేదాకా మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. ముక్కు గురించి మాత్రం కాదు.